ఎడమ చెవిలో మిగిలింది

ఎజ్రా టిబ్స్ కుడిచేతి వేళ్ళకు గుడ్డపట్టీలు చుట్టుకోవడం ముగించి ఎడమచేతి బొటనవేలి దగ్గరకు వచ్చేసరికి, కింద బాయిలరు గదిలోవాళ్ళు గొట్టంలోకి ఆవిరి వదిలారు. స్టీమరు పైకప్పు మీద వరసగా నిలబెట్టిన ఇత్తడి ఈలలు ఒక్కసారి దగ్గి వేడినీళ్ళు కక్కాయి. అతను తొందరపడలేదు. మిగిలిన వేళ్ళకూ చుట్టి, పట్టీ కొసను పళ్ళతో బిగించి, నూనెగుడ్డ కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నాడు. నిజానికి కుడిచెవికి దూది దండగ. అందులో పోవడానికి ఇంకేమీ మిగల్లేదు. చూసేవాళ్ళు చూస్తారని రెంటికీ పెట్టుకుంటాడు.

ఆవిరి పియానో మెట్లు ఇత్తడివి. కాసేపటికే పెనంలా కాలతాయి. వేలు ఆనించి ఉంచడానికి లేదు, కొట్టి తీసెయ్యాలి. ఒక్కో మెట్టు నొక్కితే ఒక్కో ఈల కూస్తుంది. ఆ కూత నది దాటి ఇల్లినాయి ఒడ్డున పొలాల్లోకి, ఇటు సెంట్ లూయీలో మార్కెట్ వీధి చివరిదాకా పోతుంది. పోవాలి కూడా. 'లూసిల్' బయల్దేరబోతోందని ఊరంతటికీ చెప్పడమే దాని పని. ఎజ్రా వంగి రెండు చేతులా కొట్టడం మొదలుపెట్టగానే, రేవు రాళ్ళ మీద జనం బుట్టలు పట్టుకుని దిగడం కనిపించింది. టోపీలు పట్టుకుని పరుగెత్తేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, తెల్ల గౌనులు వేసుకున్న చర్చి ఆడవాళ్ళు. ఇవాళ సోమవారం. వారంలో మిగతా రోజులన్నీ తెల్లవాళ్ళవి, సోమవారం మనవాళ్ళది, నల్లవాళ్ళది. బ్యాండు మాత్రం ఏ రోజైనా మనవాళ్ళదే.

బతుకు లెక్క తీస్తే ఎజ్రా చెడ్డ బేరాలు చేసినవాడేమీ కాదు. చేసిన ప్రతి బేరమూ ఆ రోజుకు మంచిదే. సెడేలియాలో, తల్లి పక్కన బాప్టిస్టు చర్చిలో కాలితో తొక్కే హార్మోనియం వాయించే కుర్రవాడు, తల్లి ముఖం వదులుకుని మార్కెట్ వీధి సారాకొట్టులో పియానో ముందు పీట పుచ్చుకున్నాడు. ఆమె తర్వాత అతనితో మాట్లాడలేదు. ఆ పీట మాత్రం చాలాకాలం అతన్ని పోషించింది. ఒక చలికాలం తాను కట్టిన పాట ఒకటి వేరొకడికి ఇచ్చేసి, బదులుగా మంచు కరిగేదాకా తిండీ పడకా తీసుకున్నాడు. ఆ పాటను ఇప్పటికీ ఎవరో ఎక్కడో వాయిస్తూనే ఉంటారు, పేరు వేరొకడిది. సారాకొట్లు మూతపడితే మూగ సినిమాల హాల్లో తెర కింద చీకట్లో కూర్చుని గుర్రాలు పరుగెత్తేటప్పుడు జోరుగా, తల్లి చచ్చిపోయేటప్పుడు మెల్లగా వాయించాడు. గొప్ప పేరు రాలేదు. పస్తూ పడుకోలేదు. అలాంటి పియానోవాళ్ళు ఆ రోజుల్లో నది పొడుగునా ప్రతి ఊళ్ళోనూ ఇద్దరో ముగ్గురో ఉండేవారు.

'లూసిల్'లో చోటు దొరికినప్పుడు బ్యాండు పెద్ద హారెస్ కల్పెపర్, కాగితం చూసి వాయించగలవా అని అడిగాడు. ఎజ్రాకు అది సగమే వచ్చు. సరిగ్గా అప్పుడే పైకప్పు మీద ఆవిరి పియానో వాయించేవాడు మానేసి పోయాడు. "పైది కూడా చూసుకుంటే కింద పీట నీదే" అన్నాడు హారెస్. ఎజ్రా సరేనన్నాడు. తూకం వెయ్యకుండా ఇచ్చేసింది జన్మలో అదొక్కటే, తన చెవులు.

కూత ఆపి, నీళ్ళు కారుతున్న నూనెగుడ్డ కోటు పైనే మేకుకు తగిలించి, మామూలు కోటు తొడుక్కుని కిందికి దిగాడు. డ్యాన్సు అంతస్తులో డ్రమ్ము వాయించే వైలీ తన సరంజామా బిగించుకుంటున్నాడు. మొహం సరిగ్గా ఎజ్రాకు ఎదురుగా తిప్పి, పెదాలు బాగా కదిలిస్తూ మాట్లాడాడు.

"ఏం ముసలోడా, ఉడికావా, వేగావా?"

"సగం ఉడికా. మిగతా సగం నీకు దాచా."

"నాకొద్దు బాబోయ్. నీ మాంసం నమలాలంటే గొడ్డలి కావాలి."

రెండేళ్ళుగా వైలీ ఇలాగే మాట్లాడుతున్నాడు. ఎప్పుడు తెలుసుకున్నాడో, ఎలా తెలుసుకున్నాడో ఎజ్రా అడగలేదు, వైలీ చెప్పలేదు. ఒకరోజు విరిగిన డ్రమ్ము పుల్ల ఒకటి తెచ్చి, "ఇది పళ్ళతో కరిచిపట్టుకుని రెండో కొస పియానో చెక్కకి ఆనించి చూడు" అన్నాడు, అంతే. వినపడటం కాదది. పళ్ళకు తెలియడం. బెజ్జంలోంచి వీధి చూసినట్టు, మొత్తం కాకపోయినా ఎటు పోతోందో తెలిసేది. మిగతాది కాళ్ళు చూసుకునేవి. పియానో కింద బూట్లు విడిచి మేజోళ్ళతో కూర్చుంటే, నేల చెక్కల్లోంచి వైలీ పెద్ద డ్రమ్ము దెబ్బలు పాదాలకు అందేవి. చూసేవాళ్ళకు అతను పుల్ల నమిలే అలవాటున్న పెద్దమనిషి. ఆ పుల్ల కొస ఆనీ ఆనీ పియానో ఎడమ పక్కన చెక్కలో చిన్న గుంట పడింది.

హారెస్ వయొలిన్ చంకలో పెట్టుకుని వచ్చాడు. వెంట నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. హారెస్ ఏదో చెప్పి అటు వెళ్ళిపోయాడు. అతని మీసాల వల్ల ఎజ్రాకు మాటలు సగమే అందాయి. వైలీ వంక చూశాడు.

"ఆ అమ్మాయి లియోటా బ్యాంక్స్. మెంఫిస్‌లో నేర్చుకుందట, కాగితం పెడితే గడగడా వాయిస్తుందట" అన్నాడు వైలీ, ఈసారి నవ్వకుండా. "వచ్చేవారం పడవ చలికాలానికి న్యూ ఆర్లీన్స్ దిగుతుంది కదా. ఒక్కరినే తీసుకెళ్తాడట. మలుపుదాకా నువ్వు వాయించాలి, తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి. రేవు చేరేలోగా ఎవరో చెప్తాడు."

ఎజ్రా తల ఊపాడు. ఆ పీట పోతే ఇక ఎవరూ కూర్చోబెట్టరని అతనికి తెలుసు. ఒక్క పూట. ఒక్క పూట చెవులున్నవాడిలా వాయించాలి.

పడవ కదిలేలోగా ఇంకొకటి జరిగింది. బ్యాండు అరుగుకు ఎడమవైపు బెంచీ మీద ఆర్డెల్ వచ్చి కూర్చుంది, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, చర్చి టోపీ నెత్తిన పెట్టుకుని. పెళ్ళయ్యాక ఏనాడూ భర్త వాయించే చోటుకు రాని మనిషి. డ్యాన్సు పడవంటే ఆమెకు సైతాను పడవ. ఇవాళ వాళ్ళ చర్చివాళ్ళు విహారానికి వస్తే, తోటి ఆడవాళ్ళు బలవంతాన ఎక్కించారు.

"మిస్టర్ టిబ్స్" అంది, జనంలో ఉన్నప్పుడు పిలిచే పద్ధతిలో.

"మిసెస్ టిబ్స్" అన్నాడతను టోపీ తీసి.

పక్కనున్న ఆవిడ ఎవరో, "ఏం సిస్టర్, ఇంట్లో కూడా ఇంతేనా, కోర్టులో లాగా?" అంటే ఆర్డెల్ బుట్ట మీద గుడ్డ సర్దుకుంది.

పడవ కదిలింది. పెద్ద వంతెన కిందనుంచి దక్షిణంగా దిగింది. ఎజ్రా కోటు విప్పి, లోపలి పట్టు బయటికి కనిపించేలా మడిచి పియానో మీద పెట్టాడు. మార్కెట్ వీధి నాటి పద్ధతి. ఆ కాలపు పియానోవాడు పీట ఎక్కే ముందు కోటు అలా మడిస్తేనే జనం సర్దుకుని కూర్చునేవారు. ఇప్పుడు ఎవరూ చూడలేదు. లియోటా చూసింది.

పొద్దున్నంతా బాగా వాయించాడు. పుల్ల కొరికిపట్టి, కాళ్ళు నేలకు ఒత్తి, కళ్ళతో వైలీ భుజాన్ని పట్టుకుని. ఎడమ చెయ్యి దిట్టంగా నడిచింది, కుడి చెయ్యి దాని మీద ఆడుకుంది. నేల నిండా జంటలు. లాడ్జి సంఘాల మగవాళ్ళు చేతులు గట్టిగా ఊపుతూ, కుర్రవాళ్ళు నడుములు తిప్పుతూ. చర్చి ఆడవాళ్ళు గోడవార కూర్చుని తప్పంటూనే మడమలు ఆడించారు. హారెస్ రెండుసార్లు ఎజ్రా వైపు చూసి మెచ్చుకోలుగా కనుబొమ్మలెత్తాడు. ఇంకో పాట గడిస్తే గెలిచినట్టే.

ఆ చివరి పాటలో ఒకచోట అందరూ ఆగిపోయి పియానోను ఒంటరిగా నడవనివ్వాలి. డ్రమ్ము కూడా ఆగుతుంది. ఎజ్రా దాన్ని వందసార్లు దాటాడు. ఎలా దాటేవాడో ఎప్పుడూ ఆలోచించుకోలేదు. డ్రమ్ము ఆగినా నేల ఆగేది కాదు. వెనక పడవ చక్రం నీళ్ళను కొట్టే అదురు అవే చెక్కల్లోంచి, అవే పాదాల్లోకి వచ్చేది. డ్రమ్ము చెయ్యి వదిలితే చక్రం చెయ్యి పట్టుకుని ఆ నాలుగడుగులూ దాటి, మళ్ళీ డ్రమ్మును అందుకునేవాడు. ఏ చేతిని పట్టుకున్నాడో అతనికే తెలియదు.

సరిగ్గా అక్కడే మలుపు వచ్చింది. పైన సరంగు పడవ తిప్పడానికి చక్రం వేగం తగ్గించాడు. పాదాలు నమ్మాయి. ఎజ్రా చేతులు చక్రంతోపాటు మెల్లబడ్డాయి.

మిగతావాళ్ళు సరైన నడకలో తిరిగి అందుకున్నారు. రెండు నడకలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎజ్రాకు వినపడలేదు. పళ్ళకు మాత్రం ఇసుక నమిలినట్టు ఏదో గరగర తగిలింది. తలెత్తితే జంటలు ఆగిపోయి ఉన్నాయి. ఒకాయన ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక అలాగే పట్టుకున్నాడు. ఎజ్రా చేతులు మాత్రం ఆగలేదు. ఆగితే ఇంకా బయటపడుతుంది.

అప్పుడు వైలీ తన నడక వదిలేసి అతని నడకలోకి వచ్చాడు. మెల్లగా, ఈడుస్తూ. ట్రంపెట్టువాడు వైలీ మొహం చూసి వెంట వచ్చాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఆ నడకలోకి దిగారు. కాలెత్తిన లావుపాటాయన "ఓహో, ఇదా సంగతి" అని భార్యను దగ్గరకు లాక్కున్నాడు. జంటలన్నీ అలాగే దగ్గరకు జరిగి, చెంపలు ఆనించి, అడుగులు ఈడుస్తూ నేలంతా ఒకే ఒళ్ళులా ఊగడం మొదలెట్టాయి. పాట అయ్యాక అంతకుముందు దేనికీ కొట్టనంతగా చప్పట్లు కొట్టారు. కావాలనే చేశారనుకున్నారు.

హారెస్ చప్పట్లకు వంగలేదు. అతను చూస్తున్నది ఎజ్రా చేతుల్ని కాదు. పియానో కింద, నేలకు ఒత్తుకుని ఉన్న మేజోళ్ళ పాదాల్ని.

భోజనాల వేళ హారెస్ అతన్ని మెట్ల పక్కకు తీసుకుపోయి, మీసాలు పైకి తోసుకుని, మాట మాట విడదీసి చెప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొన్నాళ్ళుగా."

"నువ్వు వాయించింది చెడ్డగా ఉందనను, టిబ్స్. బాగుంది. కానీ పడవ తిరిగినప్పుడల్లా బ్యాండు తిరగలేదు కదా." ఆగి మళ్ళీ అన్నాడు. "పీట ఆ అమ్మాయికి ఇస్తా. పైది నీకే ఉంచుతా. న్యూ ఆర్లీన్స్ రా. నదిలో నీ అంత బాగా ఆ ఈలలు కూయించేవాడు లేడు. పైనుండేవాడికి వినపడాల్సిన పని లేదు."

అందులో ఎగతాళి లేదు. హారెస్ ఇచ్చింది న్యాయమైన బేరమే. చెవులు తిన్న చోటే చెవులు అక్కర్లేని పని. ఎజ్రా ఆలోచించుకుంటానన్నాడు.

ఆర్డెల్ కమ్మీ దగ్గర బుట్ట విప్పి కూర్చుంది. వేయించిన కోడి, ఉడికిన గుడ్లు, పీచ్ పండ్ల ముక్కలు పెట్టి కాల్చిన రొట్టె. అతను ఎప్పటిలాగే ఆమెకు కుడిపక్కన కూర్చున్నాడు, ఆమె తన ఎడమ చెవివైపు వచ్చేలా. ఇంట్లో బల్ల దగ్గరా అంతే, పడకలోనూ అంతే. ఎడమపక్క కూర్చుంటే కిటికీ గాలి పడదని ఎప్పుడో ఒక సాకు చెప్పాడు. ఎడమ చెవిలో ఇంకా కొంచెం మిగిలింది. సన్నటి గొంతులు పోయాయి, పిట్టలు పోయాయి. బొంగురు గొంతులు అందుతాయి. ఆర్డెల్‌ది చర్చి పాటల్లో కింది వరస పాడే గొంతు.

విషయం చెప్పాడు. ఆమె కోడి కాలు అతని చేతిలో పెట్టింది. తర్వాత అతని చెవి దగ్గరకు వంగింది.

"ఎజ్రా" అంది. ఇంటి బయట ఆమె ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "పైన ఇంకో ఏడాది కూస్తే, నా మాట వినపడుతుందా నీకు?"

అతను కోడి కాలు బుట్టలో పెట్టేశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"కెటిల్ కూతపెట్టి కూతపెట్టి అడుగు మాడుతుంటే పక్కనే పేపరు చదువుతూ కూర్చున్నావు చూడు, ఆ రోజు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా. నువ్వు దాస్తుంటే నేనూ తెలీనట్టు ఉన్నా. ఇంట్లో ఒకరన్నా మర్యాదగా ఉండాలిగా."

ఎజ్రా నవ్వబోయి నవ్వలేకపోయాడు. "పైది కూడా వద్దంటే ఏం తిని బతుకుతాం ఆర్డెల్?"

"ఊరివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసే పెట్టెలు నా దగ్గర రెండున్నాయి. రెండోది ఊరికే పొయ్యి మీద కూర్చునుంటోంది. వేడికి నీ వేళ్ళు అలవాటే కదా."

అతను నది వంక చూస్తూ లెక్క వేసుకున్నాడు. తల్లి ముఖం, కట్టిన పాట, కుడి చెవి, ఎడమ చెవిలో ముప్పాతిక. ఇచ్చినవన్నీ ఒక పక్కన పెట్టి చూస్తే, పుచ్చుకున్నది ఎప్పుడూ ఒకటే, ఒక పీట. ఆ పీట ఇవాళ పోయింది. ఇక చేతిలో ఉన్న సరుకు ఈ చెవిలో అడుగంటిన కొంచెమే. పేదవాడు గింజలన్నీ అమ్ముకున్నా విత్తనాలకు కొంచెం అటక మీద ఉంచుకుంటాడు. ఇది అమ్మేది కాదు.

తిరుగు ప్రయాణంలో లియోటా వాయించింది. ఎజ్రా బెంచీ మీద, ఆర్డెల్‌కు కుడిపక్కన కూర్చుని, జంటల కాళ్ళు చూసి ఆమె ఎంత బాగా వాయిస్తోందో తెలుసుకున్నాడు. విరామంలో దగ్గరకు వెళ్ళాడు.

"మిస్టర్ టిబ్స్, ఆ మెల్లటిది భలే వాయించారు పొద్దున" అందామె. "ఇక్కడ చెక్కలో ఈ గుంటేంటి? ఎవరన్నా సిగరెట్టు ఆర్పారా?"

అతను జేబులోంచి పుల్ల తీసి, పంటి గాట్ల కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస గుంటలో ఆనించి చూపించాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"హారెస్ నీకు పీట ఇస్తాడు" అన్నాడు పుల్ల తీసి. "ఇస్తూ పైకి కూడా వెళ్ళమంటాడు. నేను మానేస్తున్నా కాబట్టి తప్పకుండా అంటాడు."

"పైకి వెళ్ళనంటే పీట కూడా ఇవ్వడేమో?"

"ఇవాళ ఇస్తాడు. వారంలో పడవ దిగాలి, నేను లేను, ఇంకొకరు దొరకరు. పీట వరకే వస్తానని ఇవాళే చెప్పు, అమ్మాయ్. బాయిలరు కుర్రాళ్ళలో ఎవడికో నాలుగు పాటలు నేర్పుకుంటాడు, లేదా ఆ ఈలలు తుప్పుపడతాయి. ఒక్కసారి ఎక్కావా, ఇక వద్దనడానికి నీకు నోరుండదు. నాకు లేకపోయింది."

ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. "మీరు చెప్పారని చెప్పొచ్చా?"

"చెప్పకు. నీకే తట్టిందను. బేరం గట్టిగా ఉంటుంది."

ఊరు కనబడింది. మామూలుగా ఈపాటికి పైన ఆవిరి దగ్గుతూ ఉండాలి. ఎజ్రా, హారెస్ దగ్గరకు వెళ్ళి తన మాట చెప్పాడు. హారెస్ చెయ్యి కలిపాడు. తర్వాత లియోటా దగ్గరకు నడిచాడు. ఎజ్రాకు దూరంనుంచి పెదాలే కనిపించాయి. హారెస్ పైకప్పు వైపు వేలు చూపించాడు. లియోటా టోపీ సర్దుకుని తల అడ్డంగా ఊపింది. హారెస్ మళ్ళీ ఏదో అన్నాడు. ఆమె మళ్ళీ ఊపింది. వైలీ తన డ్రమ్ము తోలు విప్పుకుంటూ, ఎవరికీ కనపడకుండా ఒక్క దెబ్బ కొట్టాడు. అది నేలలోంచి ఎజ్రా బూట్ల దాకా వచ్చింది.

'లూసిల్' కూత లేకుండా రేవుకు వచ్చింది. రాళ్ళ మీద నిలబడ్డ బండ్లవాళ్ళు తలలెత్తి పైకప్పు చూశారు, ఏదో పాడైందనుకుని. దిగడానికి పలక దించారు. బుట్టలు, పిల్లలు, నిద్రపోతున్న ముసలివాళ్ళు దిగారు. ఎజ్రా పియానో మీది కోటు మడత విప్పి తొడుక్కున్నాడు. వైలీ దగ్గర ఆగాడు.

"ఇక నా మాంసం ఎవరికీ దొరకదు, ఆర్డెల్ ఇస్త్రీ పెట్టెకి తప్ప" అన్నాడు.

"ఇంటికెళ్ళి దుప్పట్లు మాడ్చు పో" అన్నాడు వైలీ, మొహం పక్కకు తిప్పుకుని. ఆ మాట ఎజ్రాకు అందలేదు. అందినట్టే తల ఊపాడు.

ఆర్డెల్ ఎడమవైపు వచ్చి మోచెయ్యి పట్టుకుంది. పలక మీద దిగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది, కింది వరస గొంతుతో. అతను అడుగు ఆ రాగానికి కలిపి నడిచాడు. రాళ్ళ గట్టెక్కి, జనంలో కలిసి, మార్కెట్ వీధి మలుపులో ఇద్దరూ కనపడకుండా పోయారు.

పైకప్పు మీద మేకుకు నూనెగుడ్డ కోటు పొడిగా వేలాడుతోంది. కింద, ఖాళీ డ్యాన్సు నేల చివర మూసిన పియానో మూత మీద, ఒక కొస చెక్కలోని గుంటవైపు తిరిగి, పంటి గాట్లున్న రెండో కొస ఇంకా తడి ఆరకుండా, ఆ విరిగిన డ్రమ్ము పుల్ల పడి ఉంది.